పైగదిలో గ్రీకు యుద్ధం

బడి వసతిగృహం,
కిటికీ పక్క మంచం,
సోమవారం.

తాతయ్యకి నమస్కారాలు.

నేను క్షేమం. దగ్గు తగ్గింది. అమ్మమ్మ అల్లిన మేజోళ్ళు అందాయి. ఒకటి మోకాలి దాకా, ఒకటి చీలమండ దాకా వచ్చింది. ఆవిడ అల్లుతున్నప్పుడు మీరు పక్కన కూర్చుని ఆదివారం ప్రసంగం అభ్యాసం చేశారని అర్థమైంది.

ఈ ఏడు మాకు సాహిత్యంలో గ్రీకుల పాత కావ్యం ఒకటి పెట్టారు. ఇటుకంత పుస్తకం. మహావీరుల కథ కదా అని భయంభయంగా తెరిచాను. తీరా చూస్తే మొదటి పేజీలోనే అలక! ఏళ్ళ తరబడి ఒక కోటని ముట్టడించి కూర్చున్నారు. వాళ్ళందరిలోకి బలవంతుడు ఒకడున్నాడు. సేనకి పెద్దరాజు తన బహుమతి లాక్కున్నాడని వాడు గుడారంలో దూరాడు. "నేను యుద్ధానికి రాను, మీరంతా చావండి, అప్పుడు తెలుస్తుంది నా విలువ" అన్నాడు. సముద్రం ఒడ్డున కూర్చుని వాళ్ళమ్మని పిలిచి ఏడ్చాడు కూడా. అంత దేహం పెట్టుకుని! మా గదిలో నలుగురం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఒక్క చోట మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ బహుమతి అంటే ఒక అమ్మాయి. ఆమె కోసం ఇద్దరు మగవాళ్ళు సభ దద్దరిల్లేలా అరుచుకున్నారు. ఆమెని మాత్రం "నీకేం కావాలమ్మా" అని ఒక్కడూ అడగలేదు. మా టీచరమ్మతో ఆ మాటే అంటే, "ఆమె ఎప్పుడు నోరు విప్పుతుందో కనిపెట్టి చూడు" అంది.

దేవుళ్ళు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ళు కొండెక్కి కూర్చుని, ఎవరు గెలవాలో అని రెండు జట్లుగా విడిపోయి పోట్లాడుకుంటారు. పేర్లు రాయడం లేదు, ఒక్కదానికీ నోరు తిరగదు. ఆ అలిగినవాణ్ణి చూస్తే మన వీధిలో ఒకరు గుర్తొచ్చారు. ఎవరో చెప్పను.

మీ మనవరాలు

*

తాళాల దుకాణం,
గురువారం.

మనవరాలికి తాతయ్య రాయునది.

ప్రభువు కృప నీకు తోడైయుండును గాక. ఇప్పుడు అది నీకు చాలా అవసరం.

నీ ఉత్తరం చదువుతుంటే నా చేతిలో ఆకురాయి అదుపు తప్పింది. తాళంచెవి పళ్ళు రెండు ఎక్కువ అరిగిపోయాయి, ఆ ఇంటివాళ్ళు ఇంకా వీధిలోనే ఉన్నారు. "దేవుళ్ళు కూడా చాలామంది ఉన్నారు" అని రాశావు, మార్కెట్లో వంకాయలు ఉన్నాయన్నట్టు! మన దేవుడు కొండ మీదికి పిలిచి ఆజ్ఞలిచ్చాడు తల్లీ. వీళ్ళు కొండెక్కి కూర్చుని మనుషుల చావుకి పందేలు కడతారా? మూడో ఏట నుంచి నిన్ను వాక్యం మీద పెంచింది ఇందుకా? మన గ్రంథంలో, సింహాల గుహలో దింపినా సింహాల పాట నేర్చుకోనివాడి కథ నీకు ఎన్నిసార్లు చెప్పాను!

ఖరాఖండీగా చెబుతున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం వస్తాను. పేరు కొట్టించి, పెట్టె నెత్తిన పెట్టుకుని నిన్ను తీసుకొచ్చేస్తాను. ఇక్కడ తాళంచెవులు కోసే యంత్రం ముందు ఒక పీట ఖాళీగానే ఉంది.

ఈలోగా ఆ పుస్తకాన్ని నేను మన పైగది ప్రార్థన కూడికలో ఖండిస్తాను. మూడు ఆదివారాలు చాలు, దాని గోడలు కూలతాయి. అయితే కోటకి గుమ్మాలెన్నో తెలియకుండా ముట్టడికి వెళ్ళేవాడు మూర్ఖుడు. కనుక అందులో ఏముందో వివరంగా రాయి. కేవలం ఖండన నిమిత్తం.

అన్నట్టు, వీధిలో ఒకరు గుర్తొచ్చారన్నావు. ఎదుటి గడియారాలవాడే కదా? చక్కగా పట్టావు. వాడూ నేనూ కలిసి ఆ పైగది కూడికని మొదలుపెట్టాం. అలాంటిది, గోడకి గడియారం తగిలించి, నా ప్రసంగం నలభై నిమిషాలు కాగానే గంట కొట్టేలా తిప్పి పెట్టాడు! వాక్యం మీద గంట! నిత్యత్వాన్ని నిమిషాలతో కొలుస్తావా అని అందరి ముందూ ఆ గడియారాన్ని గోనెసంచిలో వేసి ఇచ్చేశాను. ఆనాటి నుంచి ఏడేళ్ళుగా దుకాణంలో ముడుచుకుని కూర్చున్నాడు. అలక అంటే అదే.

తాతయ్య

*

బడి వసతిగృహం,
మంగళవారం.

తాతయ్యకి,

మీ కోపం న్యాయమైనదే. మీరడిగారు కాబట్టి, కేవలం ఖండన నిమిత్తం రాస్తున్నాను.

అలిగినవాడు గుడారంలో ఉన్నాడు. అవతల వాడి సొంత పక్షంవాళ్ళు చచ్చిపోతున్నారు. మధ్యలో ఎవరెవరు ఎన్ని ఓడలతో వచ్చారో ఒక పట్టిక ఉంది, ఎనిమిది పేజీలు. మా క్లాసులో సగంమంది అక్కడే నిద్రపోయారు.

కోటలో ఒక రాకుమారుడున్నాడు. శత్రుపక్షమే, కానీ నాకు అందరికంటే నచ్చాడు. యుద్ధానికి వెళ్తూ చంటిబిడ్డని ఎత్తుకోబోయాడు. తండ్రి తలమీది శిరస్త్రాణం, దాని పైన ఊగే గుర్రపు జుట్టు కుచ్చు చూసి బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. అంత యోధుడూ నవ్వేసి, దాన్ని తీసి నేలమీద పెట్టి, అప్పుడు ముద్దుపెట్టుకున్నాడు. భార్య ఏడుస్తూ నవ్వింది. ఖండించేటప్పుడు దీన్ని కూడా ఖండించాలా తాతయ్యా? నాకు తెలియక అడుగుతున్నాను.

ఓడిపోతున్న పెద్దరాజు చివరికి దిగొచ్చాడు. "లాక్కున్నది ఇచ్చేస్తాను, పైన ఇంకెన్నో ఇస్తాను, రమ్మనండి" అని అలిగినవాడి దగ్గరికి ముగ్గురిని రాయబారం పంపాడు. వాళ్ళు గుడారం ముందుకి వచ్చేసరికి లోపల వీణ వినబడుతోంది. వాడు వాయించుకుంటూ పాడుకుంటున్నాడు.

మా క్లాసు ఇక్కడి దాకా వచ్చింది. తరువాతిది వచ్చే వారం. నేను ఇక్కడ ఉంటే.

మీ మనవరాలు

*

తాళాల దుకాణం,
సోమవారం పొద్దున్నే.

తల్లీ,

మహా విజయం! మామూలుగా పదకొండుమంది వస్తారు, అందులో ఇద్దరు నిద్రకే వస్తారు. నిన్న ఇరవైఆరుమంది! కింద ఇస్త్రీ దుకాణం పిన్ని ఆవిరిలోంచి అలాగే పైకి వచ్చేసింది. కింద ఒకరి చొక్కా మాడిన వాసన వస్తున్నా లేవలేదు.

అగ్నిలా ఖండించాను. ఓడల పట్టికని చూసి నువ్వు నవ్వావు కానీ, నేను నవ్వను. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని మన గ్రంథంలో లేదూ? పేరు పేరునా లెక్కపెట్టేది ప్రేమ. ఆ మాట చెబితే రొట్టెల బట్టీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. బిడ్డ శిరస్త్రాణం చూసి ఏడవడం గురించి చెప్పినప్పుడు... దాన్ని ఖండించడానికి సమయం చాలలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ముగింపు ప్రార్థనకి కళ్ళు మూసుకున్నాక, వెనక బెంచీలోంచి ఇస్త్రీ పిన్ని గొంతు: "అయ్యగారూ, ఆమేన్‌కి ముందు ఒక్కమాట. రాయబారానికి వాడు ఒప్పుకున్నాడా లేదా?"

"సహోదరీ, మనం ఆ కథని ఖండిస్తున్నాం" అన్నాను.

"ఖండించండి, ఎవరొద్దన్నారు? ఒప్పుకున్నాడో లేదో చెప్పి ఖండించండి."

నాకేం తెలుసు! తలూపుతూ మెట్లు దిగి వచ్చేశాను. వెంటనే రాయి, వారం ఆగొద్దు. నేను వచ్చే తేదీని మరో నెల వెనక్కి జరిపాను. ఖండన మధ్యలో ఉండగా సాక్షిని పిలిపించుకోవడం పద్ధతి కాదు.

తాతయ్య

*

బడి వసతిగృహం,
శుక్రవారం.

తాతయ్యకి,

ఒప్పుకోలేదు! రాయబారులు ఎంత చెప్పినా, "నా గౌరవం" అన్నాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో నేను పెన్సిలుతో గీతలు గీసి, చివరికి విసిగి మానేశాను.

శత్రువులు ఓడల దాకా వచ్చి నిప్పు పెట్టారు. అప్పుడు వాడి ప్రాణస్నేహితుడు ఏడుస్తూ వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే కప్పు కింద పెరిగారు. "నువ్వు రాకపోతే మానె, నీ కవచం నాకియ్యి. అది చూసి నువ్వే అనుకుని పారిపోతారు" అని బతిమాలాడు. ఇచ్చాడు. "ఓడల దగ్గర నుంచి తరిమేసి తిరిగొచ్చెయ్, కోటగోడ దాకా పోవద్దు" అని చెప్పి పంపాడు.

స్నేహితుడు తరిమాడు. తరుముతూ తరుముతూ, చెప్పిన హద్దు దాటాడు. కోటగోడ ఎదురుగా కనిపించింది.

ఇక్కడ క్లాసు గంట కొట్టారు. టీచరమ్మ పుస్తకం మూసేసింది.

మీ మనవరాలు

*

తాళాల దుకాణం,
బుధవారం.

నా చిట్టితల్లీ,

నలభైమూడుమంది! బెంచీలు చాలక నా దుకాణంలోంచి పీటలు మోయించాను. నువ్వు రాసినంతవరకూ చెప్పి, "ఇక్కడ గంట కొట్టారు" అన్నాను. ఒక్కసారిగా హాహాకారం! రొట్టెల బట్టీ ఆయన లేచి, "గంట కొట్టిన ఆ మనిషి చేతులు పడిపోను" అన్నాడు. ప్రార్థనా స్థలంలో శపించకూడదని మందలించాను, కానీ మనస్ఫూర్తిగా మందలించలేకపోయాను.

ఇప్పుడు ఒక సంగతి నిన్ను అడగాలి. గోడకి నల్లపలక ఉంటుంది కదా, ఆ వారం ఎవరి కోసం ప్రార్థించాలో రాసేది. ఎవరో అందులో "బట్టీ ఆయన మోకాలు", "నాలుగో ఇంటి పసిబిడ్డ జ్వరం" కింద, "అరువు కవచం తొడుక్కున్న అబ్బాయి క్షేమంగా గుడారం చేరాలి" అని రాశారు. చూస్తే ఇస్త్రీ పిన్ని దస్తూరి. చెరపబోతే నలుగురు అడ్డొచ్చారు. ఆ రోజు అందరూ మోకరించి వాడి కోసం ప్రార్థించారు. నేను ప్రార్థించలేదు. నేను పెదవులు మాత్రం కదిపాను.

వాడు వెనక్కి తిరిగాడు కదూ?

తాతయ్య

(అమ్మమ్మ చేతిరాతలో, కవరులో దూర్చిన చిన్న చీటీ:)

తల్లీ, మీ తాత అద్దం ముందు నిలబడి అలిగినవాడి ఏడుపు అభ్యాసం చేస్తున్నాడు. వినలేక చస్తున్నాను. ఇంకొకటి. రెండు ఆదివారాల నుంచి గడియారాల ఆయన మెట్ల మీద, తలుపు ఇవతల కూర్చుని వింటున్నాడు. మీ తాతకి తెలియదు. చెప్పకు.

*

బడి వసతిగృహం,
శనివారం.

తాతయ్యకి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి మూడుసార్లు నవ్వాను.

తాతయ్యా, క్లాసు గంట కొట్టలేదు. కొట్టింది నేను. పుస్తకం మొత్తం నేను మూడు వారాల కిందటే చదివేశాను. మీరు నన్ను తీసుకెళ్ళిపోతారని, కథ మిగిలి ఉన్నంతకాలం రారని, కొంచెం కొంచెంగా పంపాను. ఆ అబ్బాయి చచ్చిపోయాడు. అదే పేజీలో, గోడ దగ్గరే. రాకుమారుడు చంపాడు. నాకు తెలిసి కూడా నలభైమూడుమందిని మోకాళ్ళ మీద నిలబెట్టాను. బట్టీ ఆయనకి అసలే మోకాలు నొప్పి.

ఇక దాచుకోను. మిగిలింది అంతా ఇదిగో.

స్నేహితుడి శవాన్ని గుడారానికి తెచ్చారు. ఆ అమ్మాయిని కూడా తిరిగి పంపారు. ఆమె ఆ శవం మీద పడి మొదటిసారి నోరు విప్పింది. అందరిలోకీ అతనొక్కడే తనతో దయగా ఉండేవాడట. అందుకు ఏడ్చింది. అంతే, మళ్ళీ మాట్లాడదు. నేను పుస్తకం మూసి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చాను.

అలిగినవాడు అలక మానాడు, కానీ దానికంటే ఘోరమైన కోపం ఎక్కింది. రాకుమారుణ్ణి చంపి, కాళ్ళకి తాడు కట్టి రథం వెనక ఈడ్చాడు. ఒకరోజుతో ఊరుకోలేదు. అప్పుడు ఆ రాకుమారుడి ముసలి తండ్రి, కోటకి రాజు, శత్రువు గుడారానికి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తన కొడుకుల్ని చంపిన చేతులని ముద్దుపెట్టుకున్నాడు. "మీ నాన్నని తలుచుకో. ఆయనా నా వయసువాడే" అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు, ఎవరివాళ్ళ కోసం వాళ్ళు. తరువాత కలిసి భోంచేశారు. శవాన్ని ఇచ్చేశాడు. కోట కూలడం ఈ పుస్తకంలో లేనే లేదు. ఓడినవాణ్ణి సాగనంపడంతో అయిపోయింది.

నాకు ఈ బడి కావాలి తాతయ్యా. ఇంకేం దాచలేదు.

మీ మనవరాలు

*

(పోస్టు కార్డు)

మంగళవారం.

చచ్చినవాడి కోసం ప్రార్థన చేయించావు! ప్రవక్తలని రాళ్ళతో కొట్టినవాళ్ళు ఉన్నారు గానీ, ఇలా వాయిదాలు వేసి ఆడుకున్నవాళ్ళు లేరు. ఆదివారం కూడికలో చివరి ఖండన ముగించి, సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. నా మాట మాటే.

తాతయ్య

*

బడి వసతిగృహం,
గురువారం.

తాతయ్యకి,

రండి. నేను చేసింది తప్పే. మా టీచరమ్మని మాత్రం ఏమీ అనకండి, ఆవిడకి ఏమీ తెలియదు. పిల్లలు పుస్తకం ముందే చదివేశారంటే నమ్మలేనంత అమాయకురాలు.

పిన్నికి ఆ అబ్బాయి సంగతి మెల్లగా చెప్పండి.

మీ మనవరాలు

*

తాళాల దుకాణం,
సోమవారం, బస్సు వెళ్ళిపోయిన తరువాత.

నా తల్లీ,

ఈరోజు నేనెందుకు రాలేదో అని గేటు దగ్గర నిలబడి ఉంటావు. చెబుతాను, విను.

నిన్న యాభైకి పైనే వచ్చారు. పిన్నికి మెల్లగానే చెప్పాను. "నాకు తెలుసు అయ్యగారూ, హద్దు దాటినప్పుడే తెలుసు. అయినా అడిగి చూద్దామనుకున్నాను" అంది. ఆ తరువాత ముసలిరాజు దగ్గరికి వచ్చాను. ఉరుములాంటి ఖండన ఒకటి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. "ఆ చేతులని ముద్దుపెట్టుకున్నాడు" అన్నాను. అంతే. గొంతు తాళం పడిపోయింది. ఊళ్ళోవాళ్ళ తాళాలన్నీ తీసేవాణ్ణి, నాది తీయడం రాలేదు. నీళ్ళిచ్చారు. దగ్గనుకున్నారు. ప్రసంగం పద్నాలుగు నిమిషాల్లో ముగిసింది. పైగది చరిత్రలో ఇంత చిన్నది లేదని బట్టీ ఆయన అభినందించాడు.

దిగి వస్తుంటే మెట్ల మీద గడియారాలవాడు. నన్ను చూసి, గోడ పట్టుకుని లేచి, వాళ్ళ దుకాణంలోకి వెళ్ళిపోయాడు. మా రెండు దుకాణాల మధ్య వీధి పన్నెండు అడుగులు. ఏడేళ్ళలో దాటలేదు. దాటాను.

"ఎందుకొచ్చావు?" అన్నాడు.

"గడియారం ఆగింది."

"నీకు గడియారమే లేదుగా."

"అందుకే ఆగింది."

నవ్వలేదు వాడు. "కూర్చో. ముసలిరాజు ఏమయ్యాడు? మధ్యలో మింగేశావు. ఆ మెట్ల మీద కూర్చుని నా నడుం విరిగింది" అన్నాడు. చెప్పాను. మంచి ముక్కలన్నీ చెప్పాను. అంతా విని, భూతద్దం కంటికి పెట్టుకుని ఏదో చిన్న చక్రం తుడుస్తూ, నా మొహం చూడకుండా అన్నాడు: "ఆ గంట నీ కోసం కాదురా. అప్పుడు మా ఆవిడ మంచంలో ఉంది. నలభై నిమిషాలకోసారి వెళ్ళి పక్కకి తిప్పాలి, లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. నీ ప్రసంగంలో పడితే నాకు టైము తెలిసేది కాదు."

తల్లీ, ఆవిడ మంచంలో ఉందని నాకు తెలుసు. గంట సంగతే తెలియదు. అడగలేదు. ఆవిడని సాగనంపిన రోజు శ్మశానం గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఈ మాట మీ అమ్మమ్మకి కూడా తెలియదు. నువ్వు అన్నీ చెప్పేశావు కదా, నేనూ చెప్పేస్తున్నాను.

"ముందే చెప్పచ్చు కదరా" అన్నాను.

"గోనెసంచిలోంచి చెప్పమంటావా?"

రొట్టె, ఉడికిన గుడ్లు ఉంటే ఇద్దరం తిన్నాం. శత్రువు ఎదుట బల్ల వేసి వడ్డించే దేవుణ్ణి నేను ముప్పై ఏళ్ళుగా కీర్తనలో పాడుతున్నాను. ఆ బల్లకి రెండో పక్క ఎవరు కూర్చుంటారో ఒక్కనాడూ ఆలోచించలేదు.

తింటూ తింటూ అడిగాడు: "రేపు పిల్లని బడి మాన్పిస్తావటగా?"

"మాట అనేశాను. నా మాట మాటే."

"ఆ గుడారంలోవాడూ అదే అన్నాడు. వాడి పంతానికి చచ్చింది వాడేనా?"

గుడ్డు పెంకు ఒలుస్తూ కూర్చున్నాను. వాడే మళ్ళీ అన్నాడు: "మాన్పించు. మళ్ళీ ఏడేళ్ళు నీతో మాట్లాడను. నాకు అలవాటే."

అందుకని రాలేదు. అయితే నేను ఓడిపోయానని అనుకోకు. చచ్చినవాడి కోసం ప్రార్థన చేయించినందుకు, సెలవుల్లో వచ్చి నలభైమూడుమందికీ నువ్వే స్వయంగా క్షమాపణ చెప్పుకోవాలి. ఆ పట్టికలో నన్ను కూడా కలుపుకో. పెదవులు మాత్రమే కదిపానని రాశాను కదా, అది అబద్ధం.

ఇక బడి సంగతి. నిన్న పెద్ద వాదన జరిగింది. ముసలిరాజుదే గొప్పతనం అని నేను, చేతులు వెనక్కి లాక్కోనివాడిదే గొప్పతనం అని వాడు. కేకలకి మీ అమ్మమ్మ వీధిలోకి వచ్చి నిలబడింది. ఎటూ తేలలేదు. దీన్నిబట్టి ఆ పుస్తకాన్ని ఖండించడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదని స్పష్టమైంది. దీనికి క్షుణ్ణంగా చదువుకున్న మనిషి కావాలి. నువ్వు పట్టా పుచ్చుకునేదాకా పడుతుందని కమిటీ అంచనా వేసింది. కమిటీ అంటే నేనూ వాడూ. ఈ ఒక్క విషయంలో మాకు ఏకాభిప్రాయం కుదిరింది. ఇంకెందులోనూ కుదరలేదు.

తాతయ్య